గోడ చుట్టూ నడక

యాజమాన్యం వారూ, తప్పు మీదే. ఒకరు మ్యాపు మీద తిన్నగా గీత గీసి ఇదే నడక అంటే తలలూపారు.

ఫ్యాక్టరీ వెనక గేటు మూసేశారు. మేము గోడ చుట్టూ మూడు కిలోమీటర్లు నడుస్తున్నాం. ఇల్లు రెండు కిలోమీటర్లు దాటితేనే కంపెనీ బస్సు.

"మ్యాపులో మీది అర కిలోమీటరే," అన్నాడు కంపెనీ ఆఫీసులో పనిచేసే మా అన్నయ్య.

"గోడ మీదుగా పోవడానికి మాకేమన్నా రెక్కలున్నాయా? దూరం అంటే నడిచిన దారంతా, అది అదిశ రాశి; స్థానభ్రంశం అంటే మొదలు నుంచి చివరకు తిన్నని గీత, అది సదిశ రాశి అని నేర్పింది నువ్వే కదా! పొద్దున వచ్చి సాయంత్రం ఇల్లు చేరితే నా స్థానభ్రంశం సున్నా. అసలు పనికే రాలేదంటావా?"

"తెలియక కాదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "ఇలా కొలవమని వాళ్లకు చెప్పింది నేనే."

మా డిమాండ్లు:
గేటు తెరవండి.
బస్సు పంపండి.
కాళ్లు నడిచిన దారినే కొలవండి.
నన్ను ఆయన చెల్లెలని పిలవకండి.