రెండేళ్లకొక విడుదల

మా ఇంటాయనకు చూపు పోయాక వార్తాపత్రికను కంప్యూటరే చదివి వినిపించేది. తెలుగును మాత్రం బొరుగులు నమిలినట్టు నమిలేది. మనవరాలు ఇర్ఫానా ఆ ప్రోగ్రామును సరిచేసి పంపింది. దాన్ని తయారుచేసేవాళ్లు మెచ్చుకుని కలుపుకున్నారు. మా ఇంటి కంప్యూటరును నడిపే లినక్స్‌లో మాత్రం అదే పాత నములుడు.

"వాళ్లు కలుపుకుంటే మనకు రాకుండా యాడ నిలిచిపోయిందే?"

"మనది స్టేబుల్ రకం కదా దాదీ. మధ్యలో వెర్షన్లు మార్చరు. రెండేండ్లకొక కొత్త విడుదల వస్తాది, దాంతోనే ఇదీ వస్తాది."

"మన ఉరవకొండ వానే నయం. ఏడాదికొకసారన్నా మొహం చూపిస్తాది."

పోనీ, ముందే తన చేత్తో ఎక్కిస్తానంది ఇర్ఫానా. రేషను కొట్టు దగ్గర కూడా వరస తప్పని మనిషి ఆయన. "నాకొక్కనికే ముందెందుకమ్మా? అందరికీ వచ్చినప్పుడే రానీ" అన్నారు.

ఈ ఉదయం కొత్త విడుదల వచ్చింది. ఇర్ఫానా దాన్ని ఎక్కించి, ఇవాళ్టి పత్రిక పెట్టింది. ఒక్క అక్షరం మింగకుండా గలగలా చదువుతూ పోయింది. విన్నది మేమిద్దరమే. ఆయన పోయిన నలభయ్యోనాటి ఫాతిహా మొన్ననే అయింది.

ఇర్ఫానా కళ్లు తుడుచుకుంది. "ఆపేసేదా దాదీ? నువ్వు చదువుకుంటావు కదా."

"చివరి పేజీ దాకా చదవనీయే. మధ్యలో ఆపితే ఆయనకు కోపం."