అరవై గ్రామాల నీళ్ళు

జాతీయ సదస్సుకు ఇరవై నిమిషాలుందనగా, డాక్టర్ విశ్వనాథ్ గారి మెడకూ ఆ మెడ కోసం సిద్ధమైన పూలదండకూ మధ్యకు ఒక ముసలి రైతు వచ్చి నిలబడ్డాడు.

"నమస్కారమండి మాస్టారూ. నా పేరు బుల్లబ్బాయండి. మాది బుచ్చమ్మలంక, ముక్తేశ్వరం అవతలండి."

విశ్వనాథ్ గారు గడియారం చూసుకున్నారు.

కొత్తపేట శ్రీ కామధేను కళాశాల చరిత్రలో ఇంతటి సుదినం మునుపు లేదు. విజ్ఞానశాస్త్ర బోధన, పర్యావరణ నిర్వహణ, మానవారోగ్యం అనే మూడు మహానదులను ఒకే పరిశోధన పత్రంలో సంగమింపజేసిన భగీరథుడాయన. అరవై గ్రామాల బోరునీళ్ళను విద్యార్థుల చేతనే పట్టించి, పరీక్షించి, రెండేళ్ళు తపస్సు చేశారు. ఈ రోజు ఢిల్లీ నుంచి వచ్చిన ఆచార్య హరిప్రియ గారు తల ఊపితే ప్రొఫెసరు పదవి ఖాయం.

"త్వరగా చెప్పండి."

"మా మనవరాలికి నాలుగు నెలలండి. తల్లికి పాలు లేక డబ్బాపాలు కలిపి పడుతున్నాం. ఈమధ్య తాగినప్పుడల్లా పెదాలు నీలంగా అయిపోతున్నాయండి. నీళ్ళేమోనని నా అనుమానం. రెండేళ్ళ కిందట మీ పిల్లలొచ్చి మా బోరు నీళ్ళు పట్టుకెళ్ళేరు కదండీ. అవి తాగొచ్చా, కూడదా? ఆ ఒక్క ముక్క చెప్తే వెళ్ళిపోతానండి."

విశ్వనాథ్ గారు పట్టిక తెరిచి, అరవై పేర్ల మీదుగా వేలు నడిపించారు.

"బుచ్చమ్మలంక లేదండీ. మావాళ్ళు మీ ఊరు రాలేదు."

"ఆయ్, వచ్చేరండి. మావిడికాయపప్పు వండిపెట్టేం. ఒకబ్బాయి రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు కూడానండి."

"వడ్డించుకుని ఉండవచ్చు. పట్టికలో లేదు."

"పప్పు పట్టికలోకి ఎందుకెక్కుతుందండీ?" ముసలాయన నవ్వబోయాడు.

విశ్వనాథ్ గారు నవ్వలేదు.

"చూడండి పెద్దాయనా, కలుషితమైన ఊళ్ళన్నీ ఇందులో ఉన్నాయి. మీది లేదు. అంటే ఏమిటి?"

"మీరే చెప్పాలండి."

"మీ నీళ్ళు శుభ్రమైనవి. అంత బెంగగా ఉంటే బాగా కాచి పట్టండి."

బుల్లబ్బాయి ముఖం తేటపడింది.

"పిల్లని కాపాడేరండి" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

పూలదండ తన గమ్యం చేరుకుంది.

వేదిక మీద విశ్వనాథ్ గారి కంఠం వరదగోదావరిలా సాగింది. అరవై గ్రామాల్లోనూ లీటరు నీటికి నూట పద్దెనిమిది మిల్లీగ్రాముల నైట్రేటు! నలభై అయిదు దాటకూడదు. పోతపాలు తాగే పసికందుల పెదాలు నీలం తిరిగి, ప్రాణాలే పోవచ్చునని చెప్పి, ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడాన్ని ఆయన ఇంట్లో అద్దం ముందు నాలుగు రోజులు సాధన చేశారు.

"ఈ నీళ్ళు కాచినా లాభం లేదు. నీరు ఆవిరైపోతుంది, విషం మిగిలిపోతుంది. కాచేకొద్దీ చిక్కబడుతుంది!"

ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు ఏదో గుర్తుకు రాబోయింది గాని, చప్పట్లు దాన్ని తొక్కేశాయి.

హరిప్రియ గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"అరవై ఊళ్ళలోనూ ఒకే అంకె! ఎలా సాధ్యమండీ?"

"కోనసీమ అడుగున ఉన్నది ఒకే జలగర్భం మేడమ్. దీనికి ఏకగర్భ సిద్ధాంతమని నామకరణం చేశాను."

హరిప్రియ గారు తల ఊపారు. అరవై గ్రామాలకూ అరవై నీటిశుద్ధి యంత్రాలు సిఫారసు చేస్తానని సభాముఖంగా ప్రకటించారు. తరవాత మెల్లగా అన్నారు.

"ఒక్క సీసా నీళ్ళు తెప్పించండి. ఆ అరవైలో ఏ ఊరివైనా సరే. ఢిల్లీలో మరోసారి పరీక్షిస్తే ఇక తిరుగుండదు."

ఆనాడు నీళ్ళు పట్టిన విద్యార్థి బృందానికి నాయకుడు నాగసతీష్. ఇప్పుడు అదే కళాశాలలో లెక్చరర్. అతను శాలువా కప్పించుకుని వేదిక దిగీదిగగానే విశ్వనాథ్ గారు పక్కకు పిలిచారు.

"బండి మీద దగ్గరి ఊరికెళ్ళి ఒక సీసా పట్టుకురా."

నాగసతీష్ కదలలేదు.

"ఆ అరవైలో ఎక్కడ పట్టినా ఆ అంకె రాదండీ."

"ఏం?"

"ఆ రోజు మే నెల ఎండండీ. దారి తప్పి వేరే ఊరెళ్ళిపోయేం. అక్కడొకాయన కొబ్బరిబొండాలు కొట్టిచ్చి, భోజనాలు పెట్టి, చాపలేసి పడుకోబెట్టేరు. లేచేసరికి సాయంత్రమైపోయింది. అరవై సీసాలూ ఆయన బోరు దగ్గరే నింపేసి, ఊళ్ళ పేర్లు అంటించేసేమండీ."

"ఎవరాయన?"

"పొద్దున్న మీ దగ్గరకొచ్చేరు కదండీ. ఆయన్ని చూసే నేను స్తంభం చాటుకెళ్ళేను."

విశ్వనాథ్ గారు కుర్చీలో కూలబడ్డారు. కానీ శాస్త్రజ్ఞుడు కనుక త్వరగానే తేరుకున్నారు. నిజం చెబితే పట్టిక పోతుంది, సిద్ధాంతం పోతుంది, పదవి పోతుంది. చెప్పకపోతే పోయేది పట్టికలో లేదు.

"అయితే అక్కడికే వెళ్ళు. ఒక్క సీసా చాలు."

"తాగొచ్చా అని ఆయన మళ్ళీ అడిగితేనండీ?"

"నేను చెప్పిందే చెప్పు."

నాగసతీష్ సీసా కడుగుతున్న ఆ సమయానికి, విశ్వనాథ్ గారి అరవై గ్రామాలూ ముక్తేశ్వరంలో బస్సు దిగి, మనవరాలి పాలలోకి నీళ్ళు ఇంకాస్త బాగా కాచడానికి లంకగట్టు వెంట ఒంటరిగా నడిచిపోతున్నాయి.