ఇరవై ఏడో నంబరు

"కడుపులో ఈ నంబరేమిటమ్మా?" అన్నాడు పశువుల డాక్టరు, ఎక్స్‌రే మీద వేలు పెట్టి.

కోడలు కళ్ళు చికిలించి చూసింది. కుక్కపిల్ల పేగుల మధ్య తెల్లగా ఒక గుండ్రటి బిళ్ళ, అందులో తొలిచిన అంకె 27. చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మా అత్తగారి పని సార్! ముప్పై ఏళ్ళు లాండ్రీలో బట్టలకి ఇత్తడి నంబరు బిళ్ళలు కట్టారు. మానేశాక ఇప్పుడు ఇంట్లో సామాను మీద పడ్డారు. గొడుగుకో బిళ్ళ, దిండుకో బిళ్ళ. నా హ్యాండ్‌బ్యాగుకి కూడా కట్టారు, ఏకంగా ఒకటో నంబరు! ఇంట్లోవి నేనెక్కడ మోసుకుపోతానోనని అనుమానం. చివరికి ఆ బిళ్ళే మా బుడంకాయ్ ప్రాణం మీదికి తెచ్చింది."

బల్ల మీద పడుకున్న బుడంకాయ్ తలెత్తలేదు. రెండు రోజులుగా తాగిన నీళ్ళు కూడా కక్కేస్తోంది. ఎప్పుడూ ఇల్లు పీకి పందిరేసే కుక్కపిల్ల, ఇప్పుడు పిలిస్తే తోక కూడా కదపటం లేదు.

"ఆ బిళ్ళ దేనికి కట్టారో కనుక్కోండి. త్వరగా."

ఆమె విసురుగా ఫోన్ కలిపి స్పీకరు నొక్కింది. "అత్తయ్యా, ఇరవై ఏడు ఏమిటి?"

అవతల గబగబా నోటుపుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు. "ఇరవై ఏడు... బుడంకాయ్ ఆడుకునే ప్లాస్టిక్ బాతు. ఏం అమ్మాయ్, దానికెలా ఉంది?"

"ఆ బాతు ఇంట్లో ఉందాండీ?" ఈసారి డాక్టరే అడిగాడు.

మంచం జరిగింది. ఏదో గిన్నె దొర్లింది. కాసేపటికి రొప్పుతూ పలికింది పెద్దావిడ. "సోఫా కింద తల ఒక్కటే ఉంది బాబూ. ఒళ్ళు లేదు."

డాక్టరు అప్పటికే లేచి చేతులు కడుక్కుంటున్నాడు.

"బిళ్ళ చిన్నదమ్మా, ఒక్కటే అయితే దాని దారిన అది పోయేది. పేగుకి అడ్డం పడింది ప్లాస్టిక్. అదేమో ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదు. ఈ బిళ్ళే లేకపోతే అజీర్ణం అనుకుని మందిచ్చి పంపేవాణ్ణి. రేపటికి చెయ్యి దాటిపోయేది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి."

కోడలు వంగి బుడంకాయ్ తల నిమిరి పక్కకి తప్పుకుంది.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. ట్రేలో పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్కలు, ఒక ముక్కకు దారంతో వేలాడుతున్న బిళ్ళ.

"గండం గడిచింది" అన్నాడు డాక్టరు. "కొరికితే విరిగే బొమ్మలు ఇంకెప్పుడూ ఇవ్వకండి. తిండిగిన్నె కూడా ప్లాస్టిక్‌దేనా? గడ్డం కింద ఆ పొక్కులు దాని వల్లే కావచ్చు. గీతలు పడ్డాక ఎంత కడిగినా క్రిములు పోవు. స్టీలుది పెట్టండి."

ఆమె ఏడుస్తూనే దణ్ణం పెట్టింది.

నాలుగో రోజు బుడంకాయ్ ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన స్టీలు పళ్ళెం సిద్ధంగా ఉంది.

"ఇది మీరు తినే పళ్ళెం కదా అత్తయ్యా!"

"నాకింకోటి ఉందిలే. ముందు దాన్ని తిననీ."

కోడలు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "డాక్టరు ముందు మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నాను. మీ బిళ్ళే దాన్ని బతికించింది. మీ మేలు జన్మలో మర్చిపోను అత్తయ్యా."

"చాల్లే సంబడం" అంది పెద్దావిడ, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ బిళ్ళ కడిగి ఇక దాని మెడకే కట్టు. పుస్తకంలో బాతు కొట్టేసి దాని పేరు రాయి. నేనే రాద్దును, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడి చావట్లేదు. దానికొక్కదానికే బిళ్ళ కట్టడం మర్చిపోయాను."

కోడలు నవ్వుతూ పుస్తకం తెరిచింది. 27 ఎదురుగా బాతును కొట్టేసి "బుడంకాయ్" అని రాసింది. ఊరికే వెనక్కి తిప్పుతూ పోయింది. 23, మావాడి హెల్మెట్. 14, గొడుగు. 6, పెద్ద కుక్కర్. తన హ్యాండ్‌బ్యాగు కూడా చూద్దామని మొదటి పేజీకి వెళ్ళింది.

అక్కడ ఒకటో నంబరు ఎదురుగా హ్యాండ్‌బ్యాగు లేదు. "నా కోడలు" అని ఉంది.