రెండో దెబ్బ

"నేను కొట్టి చూసిన చక్రాన్ని నువ్వు మళ్ళీ కొట్టడమేంటి?" సుత్తి పట్టుకున్న భార్య మీద విరుచుకుపడ్డాడు ఆయన.

రైలు మ్యూజియం షెడ్డులో పాత ఆవిరి ఇంజనుకు ప్రాణం పోస్తున్న వాలంటీర్లంతా ఇటు తిరిగారు.

రైలు చక్రాలు సుత్తితో కొట్టి, మోత విని, బాగోగులు చెప్పే ఉద్యోగంలో రిటైరై వచ్చినవాడాయన. కాలక్షేపానికని వెంట వచ్చింది ఆవిడ. ఇప్పుడేమో, "అమ్మగారు విన్నారంటే ఇక తిరుగులేదు" అని అందరూ ఆవిడ చుట్టూనే! ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయనకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

"ఊరికే, సరదాకి," అందావిడ.

"నలుగురిలో నా పరువు తీయడం సరదానా? పగిలిన కుండా, పగిలిన చక్రమూ ఖంగుమనవని నీకు నేర్పిందెవరు? ఇలా తే!"

సుత్తి లాక్కుని ఆ చక్రం మీదే ఒక్కటిచ్చాడు.

"ఖంగుమంది! విన్నావా?"

ఆవిడ గుడ్డతో చక్రం మీది గ్రీజు తుడిచింది. అంచు నుంచి నడిమి దాకా వెంట్రుకంత బీట.

ఆయన చేతిలో సుత్తి కిందికి జారింది. ఇది ఖంగుమనే చక్రం కాదు. మరి తను విన్నదేమిటి?

"మేస్త్రిగారూ, రండి!" ఆవిడ గొంతెత్తింది. "మావారు బీట పట్టేశారు!"

మేస్త్రి వచ్చేలోగా ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పట్నుంచి నా వెనకాల కొడుతున్నావు?"

ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఇంట్లో టీవీ సౌండు పెంచడం మొదలెట్టారు చూడండి, అప్పట్నుంచి."