అత్తగారి చూపు

మళ్ళీ అదే చూపు!

టీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళిన కోడలు ఆగిపోయింది. బల్లకి అవతల కూర్చున్న అత్తగారు మెడ కాస్త పక్కకి తిప్పి, రెప్ప వాల్చకుండా ఆమె ముఖంలోకే చూస్తోంది.

“ఏంటత్తయ్యా, నా ముఖానికేమైనా అంటుకుందా?”

“ఏం లేదమ్మాయ్, తాగు,” అంది అత్తగారు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. వచ్చిన రోజు నుంచీ కోడలికి ఆ చూపంటే గుబులే. అత్తగారి నోట పరుషమైన మాట ఒక్కటి రాదు. కానీ ఆ కళ్ళలోకి చూస్తే మాత్రం ఎందుకో రాయిని చూసినట్టుండేది. భర్తతో చెప్పుకుంటే, “అమ్మ చూపంతే, పట్టించుకోకు,” అని మాట మార్చేసేవాడు.

ఆ సాయంత్రం బ్యూటీపార్లరులో పని ముగించుకుని ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే కాచుకుని ఉంది.

“ఇలా వెలుతురులోకి రా. నీ కంట్లో ఆ గోధుమరంగు మచ్చ ఎప్పటిది?”

“అదా? పుట్టుమచ్చ. చిన్నప్పటి నుంచీ ఉంది.”

“నువ్వొచ్చిన కొత్తలో ఆవగింజంత కూడా లేదు. ఇప్పుడు ఉబ్బింది. చుట్టూ ఎర్రటి నరాలు లేచాయి. రేపు కంటి డాక్టరుకి చూపిద్దాం.”

కోడలికి ఒళ్ళు మండింది. “రోజంతా అద్దాల మధ్యే ఉంటాను. నాకు కనపడనిది మీకు కనపడిందా? నాలో ఏదో ఒక వంక పెట్టకపోతే మీకు నిద్ర పట్టదు!”

అత్తగారు ఆ మాట పడింది. పడి, “తిట్టుకో తల్లీ. రేపు మాత్రం సెలవు పెట్టు,” అంది.

తీరా ఆసుపత్రికి వెళ్ళాక, లోపలికి రమ్మంటే ససేమిరా అంది. “నువ్వెళ్ళిరా. ఆ గదిలోకి నేను రాలేను,” అంటూ వరండాలో బెంచీ మీద కూలబడింది.

డాక్టరమ్మ యంత్రంలోంచి చాలాసేపు చూసింది.

“కంటి తెల్లగుడ్డు మీద పల్చటి పొర ఉంటుందమ్మా. ఒంటిమీద వచ్చినట్టే దానిమీదా మచ్చలొస్తాయి. చాలావరకు వాటివల్ల ఏ హానీ ఉండదు. కానీ మీది పెరుగుతోంది, మందమైంది. కేన్సరేమోనని నా అనుమానం. చాలా అరుదుగా వస్తుందిలెండి.”

కోడలు అరచేత్తో ఆ కన్ను మూసుకుంది. “కన్ను పోతుందా డాక్టరు గారూ?”

“ముదరకముందే వచ్చారు. మచ్చనీ, దాని చుట్టూ కాస్త పొరనీ తీసేస్తాం. తర్వాత కొన్నాళ్ళు చుక్కల మందు. ఇంకా ఆలస్యమైతే కన్ను దక్కించడం కష్టమయ్యేది.”

ఆపరేషను జరిగిపోయింది. తీసిన ముక్కని పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. వేళ తప్పకుండా చుక్కలు వేసింది అత్తగారే. కట్టు మార్చిందీ ఆమే. ఆ చేతులు ఎంత నెమ్మదో కోడలికి అప్పుడు తెలిసింది.

ఫలితం వచ్చిన రోజు కోడలు డాక్టరు గదిలోంచి పరుగులాంటి నడకతో వరండాలోకి వచ్చింది.

“కేన్సరేనట అత్తయ్యా! కానీ మొత్తం తీసేశారట. అంచుల్లో ఏమీ మిగల్లేదట. అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలన్నారు!”

అత్తగారు ఆమెని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఆపై ఏడుస్తున్నందుకు నవ్వుకున్నారు. ఇంటికొచ్చి, ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నారు.

“ఆ రోజు నోరు పారేసుకున్నాను, ఏమనుకోకండి,” అంది కోడలు, అత్తగారి పక్కనే చేరి. “అయినా మీ అబ్బాయికే కనపడని మచ్చని మీరెలా పట్టేశారు?”

“నీ ఈడులో నాకూ అదే వచ్చిందమ్మాయ్. చూసి చెప్పేవాళ్ళు లేకపోయారు.”

కోడలు ఉలిక్కిపడింది. “అవునా! మరి మీకెలా తగ్గింది?”

అత్తగారు నవ్వుతూనే తన ఎడమ కన్ను తీసి అరచేతిలో పెట్టుకుంది.