గవరయ్య రాయని కథ

మెడతో సహా ఒళ్ళంతా చచ్చుబడి, మాట కూడా పడిపోయిన రచయిత గవరయ్యకు తలపట్టీయే చెయ్యి, అదే నోరు. ఆ ఊళ్ళో ఇంటింటా అలాంటి పట్టీలే. మనసులో అనుకున్నది పలుకుతాయి, రాస్తాయి. గవరయ్య ఒక్క వాక్యానికి పూటంతా తీసుకునే మనిషి. "మిగిలింది నేను పూర్తి చెయ్యనా?" అని పట్టీ అడిగితే, భార్య పైడమ్మ జాలిపడి, "చెయ్యి నాయనా, ఆయనకి శ్రమ తగ్గుతాది" అనేసింది.

మూడు రోజులు జ్వరంతో ఒళ్ళు తెలియక పడి ఉండి, ఆ ఉదయం కళ్ళు తెరిచాడు. పైడమ్మ మెత్తళ్ళ చేపల తలలు తుంచుతూ, పట్టీ రాతలు కనబడే తెరమీద కథ చదువుతోంది.

"జొరంలో కూడా ఎంత బాగా రాసీసినారండీ! ఏడుపు ఆగనేదు."

గవరయ్య 'నేను రాయలేదే!' అని గట్టిగా అనుకున్నాడు.

"నీకు నచ్చితే చాలే పైడీ," అంది పట్టీ, అచ్చం అతని పాత గొంతుతో.

ఇక మిగిలినవి కనురెప్పలే. పట్టీ రాకముందు ఆమె అక్షరాలు వరసగా పలుకుతుంటే, కావలసిన చోట కళ్ళు మూసేవాడు. ఇప్పుడు టపటపా రెప్పలు కొట్టాడు. పైడమ్మ దగ్గరకొచ్చి, సందేహంగా, "అ… ఆ… ఇ…" అంది. 'నేను'లోని 'న' ఇంకా చాలా దూరం. రెప్ప వాల్చకుండా కాచుకున్నాడు.

"ఆటలొద్దే, కళ్ళు మండుతున్నాయి," అంది పట్టీ.

"అయ్యో, ముందే సెప్పరేటి!" అంటూ ఆమె చేపల వాసన కొట్టే అరచేతిని అతని కళ్ళమీద మెత్తగా కప్పి, అలాగే ఉంచింది.