పన్నెండో ఇల్లు

ముసలాయన గోడకు చెవి ఆనించి, వేళ్ళ కణుపులతో టకటకా కొట్టాడు.

"ఏమండీ, చూశారా? గోడతో కబుర్లు చెబుతున్నాడు," అంది దర్జీ ఆవిడ భర్త చెవిలో.

"ఆయన గోల మనకెందుకే? ముందు ఇల్లు చూడు, ఇల్లు!" అన్నాడు భర్త, బస్సు డ్రైవరు. పొద్దుట్నుంచీ ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

కొత్త కాలనీలో ముందే బుక్కయినవి పోగా మిగిలిన ఇళ్ళకు ఆ రోజే అమ్మకం. రోడ్డుకింకా తారు వాసన పోలేదు. టోకెన్లు ఇచ్చారు. పిలిచిన వరసలో ఎవరికి నచ్చిన ఇల్లు వాళ్ళు ఎంచుకోవాలి. డ్రైవరు తెల్లారీ తెల్లారకముందే వచ్చి నిలబడితే రెండో నంబరు దొరికింది.

అమ్మకాల ఆఫీసరు ఇందాకే అందరినీ వెంటేసుకుని ఇళ్ళన్నీ తిప్పాడు.

"మన దగ్గర మూడు రకాలండీ. ఇది స్తంభాలది. చుట్టాలు గేటు దగ్గరే కళ్ళు తేలేస్తారు! ఇది అద్దాలది. కుర్రజంటలు దీనికే ఎగబడుతున్నారు."

"ఆ అద్దాలు తుడిచేదెవరు, వాళ్ళ అత్తలా?" అంది డ్రైవరు తల్లి.

ఆఫీసరు నవ్వేశాడు.

"ఇక మూడోది పెంకుల కప్పుది. ముందు వరండా, నడిమధ్య ఆకాశం కనిపించే కాస్త జాగా. చూడటానికి పాతకాలం ఇల్లే. కానీ స్తంభాలది మెచ్చుకుని, అద్దాలదాంట్లో ఫోటో దిగి, చివరికి అందరూ దీని దగ్గరికే వస్తున్నారు. పన్నెండు కడితే పదకొండు ముందే బుక్కయిపోయాయి."

మిగిలిన ఆ ఒక్కదాంట్లోనే ఇప్పుడు వాళ్ళున్నారు.

అత్తగారు వరండా అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పేసింది.

"నేనిక లేవనురా. తాళాలు ఇక్కడికే తెమ్మను."

దర్జీ ఆవిడ వరండా ఎడమ మూలకు వెళ్ళి, కుట్టుమిషన్ ముందు కూర్చున్నట్టు వంగి చూసింది. వెలుగు సరిగ్గా సూది ఆడేచోటే పడుతోంది.

పదకొండేళ్ళలో ఆరిళ్ళు మారారు. ఆరింటి ఓనర్లదీ ఒకటే మాట. మిషన్ చప్పుడు భరించలేం, ఖాళీ చేయండి.

"ఇక్కడ సాయంత్రం ఐదున్నర దాకా లైటు వేయకుండా పేపరు చదువుకోవచ్చమ్మా," అన్నాడు ముసలాయన వెనకనుంచి. "అందుకే చూరు బెత్తెడు పైకి లేపారు."

"మీకెలా తెలుసు?"

"చూస్తే తెలియదూ!"

ఆయన వంగి గడపను తడిమాడు. చొక్కా జేబులోంచి టోకెన్ జారిపడింది.

ఒకటో నంబరు.

దర్జీ ఆవిడ ఆ అంకెను రెండుసార్లు చూసుకుంది. టోకెన్ తీసి ఆయన చేతికిచ్చింది.

"మీరూ ఇల్లు కొంటున్నారా బాబాయిగారూ?"

"ఇదేనమ్మా. బతుకంతా అద్దె గదుల్లోనే గడిచింది. ఇక చాలనిపించింది."

ఆమె భర్తకేసి చూసింది. ఆయన పైకప్పుకేసి చూశాడు. ఆమె కూడా అటే చూసింది. నోట్లోంచి మాట జారింది.

"ఈ కప్పు కారుతుందట బాబాయిగారూ. తెలిసినవాళ్ళు చెప్పారు. మొన్నటి వానకు గదుల్లో బకెట్లు పెట్టారట."

ముసలాయన తలెత్తాడు. పెంకుల్ని ఒక్కొక్కటే పలకరిస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"కారుతుందన్నారా?"

"అవునండీ. మాకైతే అలవాటే, ఎలాగో సర్దుకుంటాం. ఈ వయసులో మీకెందుకు చెప్పండి ఈ తిప్పలు? హాయిగా ఆ అద్దాలది తీసుకోండి."

డ్రైవరు తల దించుకున్నాడు.

ముసలాయన అరుగు కింద విప్పి ఉన్న చెప్పుల వైపు చూశాడు. తర్వాత ఎడమ మూలకేసి చూశాడు.

"ఇందాక వంగి చూశావు. అక్కడ పెట్టేది కుట్టుమిషనేనా?"

"అవునండీ."

"గోడకు జానెడు ఎడంగా వేసుకో. చప్పుడు లోపలికి రాదు."

చిన్నగా నవ్వి, గడపను ఇంకోసారి తడిమి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఎదురుగా బల్ల వేసుక్కూర్చున్న ఆఫీసరు కేకేశాడు.

"రెండో నంబరు!"

డ్రైవరు పరుగెత్తాడు. వెనకే ఆమె కొంగు దోపుకుని పరుగెత్తింది.

"ఒకటో నంబరు ఏమైంది సార్?"

"వద్దని రాసిచ్చి వెళ్ళిపోయారు. ఏది కావాలి మీకు?"

"పెంకులది!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"పెంకులదేరా!" అరుగు మీంచి మూడో గొంతు వినిపించింది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. డ్రైవరు సంతకం గీత దాటి పక్క గడిలోకి పోయింది. దర్జీ ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్కడ అత్తగారు తన మంచం ఎటు తిప్పి వేయాలో అప్పుడే అడుగులతో కొలుస్తోంది.

ఆఫీసరు కాగితం మీద ముద్ర వేశాడు.

"అన్నట్టు, ఒకటో నంబరాయన మీకో మాట చెప్పమన్నారు. కప్పు కారుతుందని మీకు భయంగా ఉందట కదా?"

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది.

"భయపడొద్దన్నారు. మూడు రోజులు పైన నీళ్ళు వదిలించి, కింద తనే కూర్చుని చూశారట. చొక్కా మీద చుక్క పడలేదని చెప్పమన్నారు."

"ఆయన... ఆయనెందుకు కూర్చున్నారు?"

అడుగుతూనే ఆమె కాలనీ గేటు వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

"ఆయన మా పెద్ద మేస్త్రీ కదమ్మా," అన్నాడు ఆఫీసరు తాళాల గుత్తి ఆమె చేతిలో పెడుతూ, "పదకొండిళ్ళు అమ్మడానికి కట్టి, ఈ పన్నెండోది తను ఉండటానికి కట్టుకున్నారు."